లిస్టన్ కొలాసోకి ఇండియా జట్టులో చోటు ఉండాలా? ఎండ వైపు ఆడిన వింగర్ల గురించి నా అనుభవం

మీ ప్రశ్న: "లిస్టన్ కొలాసో క్లబ్ తరఫున చెలరేగిపోతాడు, ఇండియా జెర్సీ వేసుకుంటే మాత్రం కనిపించడు. అలాంటి వింగర్‌ని మళ్ళీ మళ్ళీ జాతీయ జట్టుకి పిలవడం న్యాయమేనా?"

ముందు జవాబు చెప్పేస్తాను. పిలవాలి. అయితే క్లబ్‌కి కొట్టిన గోల్స్ లెక్కపెట్టి పిలవడం ఎంత తప్పో, దేశానికి గోల్స్ కొట్టలేదని పక్కన పెట్టడం కూడా అంతే తప్పు. వింగర్‌ని, అంటే ఫుట్‌బాల్ మైదానం అంచున దాడి చేసే ఆటగాడిని, గోల్స్‌తో కొలిస్తే ఏమవుతుందో నాకు పద్దెనిమిదేళ్ళ వయసులోనే తెలిసింది. అది చెప్పకుండా లిస్టన్ గురించి మాట్లాడలేను.

మాది విశాఖపట్నం, కంచరపాలెం. 1996 మేలో జిల్లా జట్టు కోసం సెలక్షన్స్ పెట్టారు. మైదానం పేరు, పెట్టినవాళ్ళ పేరు ఇక్కడ అనవసరం. పడమర వైపు టచ్‌లైన్ (మైదానం పక్క గీత) పొడుగునా నిద్రగన్నేరు చెట్లు ఉండేవి. ఆ చెట్ల కిందే షామియానా, నాలుగు కుర్చీలు, ఒక బల్ల, మంచినీళ్ళ కుండ. సెలక్టర్లు అక్కడ కూర్చున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్ళూ అక్కడే చేరారు. మధ్యాహ్నం మూడున్నర, వైజాగ్ మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. తూర్పు వైపు టచ్‌లైన్ దగ్గర ఒక్క మనిషి లేడు.

కుర్రాళ్ళు చాలామంది వచ్చారు కాబట్టి ఒక్కో బ్యాచ్‌కి అరగంట ఆటే ఇచ్చారు. సగం అయ్యాక వైపులు మారడం లాంటిది లేదు. నేను రైట్ వింగర్‌ని. మా జట్టు దాడి చేస్తున్న దిక్కుని బట్టి నాకు పడమర వైపు వచ్చింది. అంటే చెట్ల నీడ, సెలక్టర్ల కుర్చీలకి పదడుగుల దూరం. మా లెఫ్ట్ వింగర్ జ్ఞానాపురం కుర్రాడు. చిన్నప్పటి నుంచీ ఇద్దరం కలిసి ఆడాం. వాడికి తూర్పు వైపు పడింది. అరగంటా ఎండలో, ఎవరికీ దగ్గర కాకుండా ఆడాడు.

ఆ అరగంటలో మేం రెండు గోల్స్ కొట్టాం. రెండూ వాడు వేసిన క్రాసుల నుంచే, అంటే అంచు నుంచి గోల్ ముందుకి పంపిన బంతుల నుంచే. మొదటిది మా సెంటర్ ఫార్వర్డ్ తలతో కొట్టాడు. రెండోది గోల్‌కీపర్‌నీ ఇద్దరు డిఫెండర్లనీ దాటుకుని వెనక పోస్ట్ దగ్గరికి వచ్చింది. అక్కడ నేనున్నాను. కాలు అడ్డం పెట్టాను, లోపలికి వెళ్ళింది. షామియానా కింద చప్పట్లు. ఒక సెలక్టర్ వంగి కాగితం మీద ఏదో రాసుకోవడం నా కళ్ళతో చూశాను. సాయంత్రం జాబితా చదివారు. నా నంబరు ఉంది, వాడిది లేదు.

వాడు నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. "పోన్లేరా, మనోడు ఒకడైనా వెళ్తన్నాడు" అన్నాడు. నాకు ఆ రోజు సంతోషమే తప్ప ఇంకేం తెలియలేదు. తెలిసింది తర్వాత, రాష్ట్ర పోటీల్లో. మొదటి మ్యాచ్‌లో అవతలి లెఫ్ట్ బ్యాక్ (ఎడమ అంచు డిఫెండర్) పదే పదే నన్ను దాటుకుని పైకి వెళ్ళిపోయేవాడు. బంతి పోయాక వెనక్కి పరిగెత్తడం నాకు అలవాటు లేదు. చిన్నప్పుడు నా వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు ఆ పని చేసేవాళ్ళు, చాలాసార్లు ఆ జ్ఞానాపురం కుర్రాడే అవతలి వైపు నుంచి కోసుకుంటూ వచ్చి చేసేవాడు. నా వైపు నుంచి రెండు గోల్స్ పడ్డాయి. మిగతా మ్యాచులన్నీ బెంచ్ మీద కూర్చుని చూశాను. నా చోట వాడు ఉంటే జట్టు ఇంకో రెండు మ్యాచులు ఆడేదని ఇప్పటికీ నమ్ముతాను.

ఇది ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, టీవీ ముందు మనం కూడా షామియానా కిందే కూర్చుంటాం. ప్రధాన కెమెరా స్టేడియంలో ఒకే వైపు ఉంటుంది, బంతి వెనకే తిరుగుతుంది. ఇండియా తెర మీద ఎడమ నుంచి కుడికి దాడి చేస్తున్నప్పుడు లెఫ్ట్ వింగర్ తెర పై అంచున, దూరంగా ఉంటాడు. సగం అయ్యి వైపులు మారాక కింది అంచుకి, మన దగ్గరికి వస్తాడు. బంతి అవతలి వింగ్‌లో ఉంటే అసలు ఫ్రేములోనే ఉండకపోవచ్చు. మ్యాచ్ అయ్యాక ఫోన్‌లో చూసే మూడు నిమిషాల హైలైట్స్‌లో అతను మిగిలేది గోల్ కొడితేనో, గోల్ తప్పిస్తేనో. తొంభై నిమిషాల్లో అతను చేసిన మిగతా పనంతా ఎండ వైపే ఉండిపోతుంది. "ఇండియాకి ఆడితే కనిపించడు" అన్నప్పుడు మనం ఎటు కూర్చుని చూశామో కూడా అడుక్కోవాలి.

ఇప్పుడు లిస్టన్. గోవా కుర్రాడు, కుడికాలి ఆటగాడు, ఆడేది ఎడమ వింగ్‌లో. అందుకే టచ్‌లైన్ నుంచి లోపలికి కోసుకొచ్చి కుడికాలితో దూరపు పోస్ట్ వైపు వంచి కొడతాడు. మనకి గుర్తుండిపోయేది ఆ షాటే. తెలుగువాళ్ళకి ఇతని మీద కాస్త హక్కు ఉందని నేను అనుకుంటాను. 2020-21 సీజన్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఆడాడు. అప్పుడు కోచ్ మనోలో మార్కెజ్. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలో ప్రేక్షకులు లేని స్టేడియాల్లో జరిగింది. వైజాగ్‌లో మాకు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్ లేదు, ఉన్నంతలో మనది అనుకోవడానికి హైదరాబాదే. రాత్రి ఏడున్నరకి టీవీ పెట్టుకుని, సెకండ్ హాఫ్‌లో ఇతను ఎప్పుడు దిగుతాడా అని ఎదురుచూసేవాళ్ళం. తర్వాతి సీజన్‌కి అతను కోల్‌కతా, మోహన్ బగాన్‌కి వెళ్ళిపోయాడు. హైదరాబాద్ 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. 2025లో ఆ క్లబ్ కూడా ఢిల్లీకి తరలిపోయింది. ఆ బాధ వేరే, ఇక్కడ మొదలుపెడితే ఆగను.

కోల్‌కతా వెళ్ళిన మొదటి సీజన్‌లోనే, 2021-22లో, లీగ్‌లో 8 గోల్స్ కొట్టాడు. 2022 మేలో ఆసియా క్లబ్బుల పోటీ ఏఎఫ్‌సీ కప్‌లో బంగ్లాదేశ్ క్లబ్ బసుంధరా కింగ్స్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. ఈ గొడవ మొదలైంది అక్కడే. క్లబ్‌కి ఇన్ని కొట్టినవాడు దేశానికి ఎందుకు కొట్టడు?

క్లబ్ జట్టునీ జాతీయ జట్టునీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇందులో వింతేమీ లేదు. ఐఎస్ఎల్‌లో ఒక జట్టు తరఫున ఒకేసారి మైదానంలో ఎంతమంది విదేశీయులు ఉండొచ్చో ఒక నియమం ఉంది. 2014లో లీగ్ మొదలైనప్పుడు ఆరుగురు. 2017-18లో ఐదుగురు అయ్యారు, 2021-22 నుంచి నలుగురు. ఆ నలుగురినీ క్లబ్బులు ఎక్కడ వాడతాయి? ఎక్కువగా సెంటర్ ఫార్వర్డ్, అతని వెనక ఆడే మిడ్‌ఫీల్డర్, సెంటర్ బ్యాక్. డబ్బు పెట్టి తెచ్చినవాళ్ళని మైదానం మధ్యలో నిలబెడతారు. మన కుర్రాళ్ళకి మిగిలేది అంచులు, అంటే వింగులూ ఫుల్ బ్యాక్ చోట్లూ.

దీనివల్ల లిస్టన్‌కి క్లబ్‌లో మేలు జరుగుతుంది. మొదటి సీజన్‌లో అతని పక్కన విదేశీయులు రాయ్ కృష్ణ, హ్యూగో బూమూస్ ఉన్నారు. తర్వాత పెట్రాటోస్, కమింగ్స్, మెక్‌లారెన్ లాంటివాళ్ళు వచ్చారు. అవతలి జట్టు ఇద్దరు డిఫెండర్లని వాళ్ళకే కాపలా పెట్టాలి. ఎడమ పక్కన చోటు దానంతటదే తెరుచుకుంటుంది. ఆ చోటులోకి కోసుకొచ్చి షాట్ కొట్టడం లిస్టన్‌కి వెన్నతో పెట్టిన విద్య. ఇండియా జెర్సీలో ఆ నలుగురు ఉండరు. అవతలి జట్టు రైట్ బ్యాక్, అతని ముందున్న మిడ్‌ఫీల్డర్ ఇద్దరూ కలిసి లిస్టన్ మీదికే వస్తారు, ఎందుకంటే మధ్యలో వాళ్ళకి పెద్ద భయం లేదు. అదే మనిషి, అదే కుడికాలు, కానీ చోటు లేదు.

ఇంకో నష్టం కూడా జరిగింది. ఒకసారి లెక్కపెట్టండి: లిస్టన్, చాంగ్తే, నౌరెమ్ మహేశ్, ఉదాంత, బిపిన్, విక్రమ్ ప్రతాప్, ఆషిక్ కురునియన్. అందరూ వింగర్లే. మన్‌వీర్ సింగ్ కుర్రతనంలో స్ట్రైకర్‌గా పెరిగాడు, క్లబ్‌లో మాత్రం కుడి వింగ్‌కి వెళ్ళాల్సి వచ్చింది. వింగర్లు బారులు తీరి ఉన్నారు, మధ్యలో గోల్ కొట్టేవాడు లేడు. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్ మ్యాచ్ ఆడి వీడ్కోలు చెప్పిన సునీల్ ఛెత్రిని 2025 మార్చిలో, 40 ఏళ్ళ వయసులో, మళ్ళీ పిలవాల్సి వచ్చింది అందుకే. 2024-25 ఐఎస్ఎల్‌లో భారతీయుల్లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది కూడా ఆయనే, 14. కాబట్టి మీ కోపం లిస్టన్ మీద కాకుండా, ఛెత్రి పక్కన ఇంకొకడిని తయారు చేయలేని మన లీగ్ మీద చూపిస్తే బావుంటుందని నా మనవి.

మా ఆదివారం గుంపులో ఇదే పెద్ద గొడవ. పొద్దున్నే ఆడతాం, ఆట అయ్యాక టీ కొట్టు దగ్గర ఇంకో గంట మాటలు. డాక్‌యార్డ్‌లో పనిచేసే మలయాళీ అన్నయ్య ఒకరున్నారు, ఆయనకి ఆషిక్ కంటే గొప్ప లెఫ్ట్ వింగర్ ఇండియాలో పుట్టలేదు. స్టీల్ ప్లాంట్ బెంగాలీ దాదా ఒకాయన మోహన్ బగాన్ భక్తుడు, లిస్టన్‌ని ఒక్క మాట అంటే టీ గ్లాసు కింద పెట్టేస్తాడు. ఇద్దరూ మంచివాళ్ళు, ఆట తెలిసినవాళ్ళు. కానీ ఇద్దరూ గోల్స్ వీడియోలే చూపిస్తారు. నేను ఇద్దరినీ ఒకటే అడుగుతాను: మీవాడు బంతి పోగొట్టుకున్నాక వేసిన మొదటి ఐదు అడుగులు ఎటు వేశాడో చూశారా?

నేను చూసేది అదే. గోల్ సంగతి తర్వాత. బంతి పోగానే చేతులు నడుం మీద పెట్టి నిలబడ్డాడా, తన లెఫ్ట్ బ్యాక్ ఒంటరైపోయాడని గమనించి వెనక్కి వచ్చాడా. ఇద్దరు మీద పడ్డప్పుడు మొండిగా దూరిపోయాడా, వెనక నుంచి దూసుకొస్తున్న లెఫ్ట్ బ్యాక్ కాళ్ళ ముందుకి బంతి జరిపాడా. అవతలి వింగ్ నుంచి క్రాస్ వస్తుంటే వెనక పోస్ట్ దగ్గరికి చేరాడా, లేక తన చోటే నిలబడి చూస్తున్నాడా. అరవయ్యో నిమిషం తర్వాత కూడా ఇవన్నీ చేస్తున్నాడా. మొదటి పావుగంట ఎవరైనా చేస్తారు. స్టేడియంకి వెళ్ళే అవకాశం వస్తే ఒక సగం మొత్తం బంతిని వదిలేసి ఒక్క వింగర్‌నే చూడండి. టీవీలో కుదరదు, స్టేడియంలోనే కుదురుతుంది. మొదట్లో విసుగొస్తుంది. ఇరవై నిమిషాలు దాటాక ఆ మనిషి ఆట మొత్తం అర్థమవుతుంది.

ఈ కొలతతో చూస్తే లిస్టన్‌కి లోపం లేదని నేను అనను. ఇద్దరు మీద పడ్డప్పుడు షాట్ కోసం ఎక్కువసేపు బంతి పట్టుకుంటాడు. క్లబ్‌లో ఆ షాటే పేరు తెచ్చింది కాబట్టి వదులుకోలేకపోతున్నాడని నాకు అనిపిస్తుంది. చాంగ్తేని చూస్తే ఆ తేడా తెలుస్తుంది. అతనూ ఇలాంటి ఆటగాడే, అద్దంలో బొమ్మలా: ఎడమకాలి వాడు, కుడి వింగ్‌లో ఆడతాడు. కానీ లోపలికి కోసుకురావడంతో పాటు బంతి లేకుండా బాక్స్‌లోకి పరిగెత్తడం అతని అలవాటు. 2023 జూలై 4న బెంగళూరులో శాఫ్ (దక్షిణాసియా జట్ల పోటీ) ఫైనల్, కువైట్ ముందు గోల్ కొట్టేసింది. సమం చేసింది చాంగ్తేనే, తర్వాత పెనాల్టీల్లో గెలిచాం. 2024 జూన్‌లో దోహాలో ఖతర్ మీద మన గోల్ అతనిదే. 2025 అక్టోబర్ 14న మడ్‌గావ్‌లో సింగపూర్ మీద మన ఒక్క గోలూ అతనిదే. ఆ రాత్రి 2-1తో ఓడి 2027 ఆసియా కప్ ఆశలు పోగొట్టుకున్నాం. మా ఇంట్లో ఎవరూ భోజనం చేయలేదు. కుడి వైపు గురించి ఎవరూ గొడవ పడరు. ఖాళీగా ఉన్నది ఎడమ వైపు, అందుకే లిస్టన్ పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది.

లెఫ్ట్ వింగ్ అనగానే మా నాన్నగారు తరచూ చెప్పే పేరు ఒకటుంది, తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ అమ్ముగూడ మనిషి, అప్పటి ఇండియా కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిష్యుడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో చునీ గోస్వామి, పీకే బెనర్జీలతో కలిసి ఆడాడు. కానీ అక్కడ కూడా ఒక్క విషయం గమనించండి. దక్షిణ కొరియాతో ఫైనల్లో మనకి 2-1 విజయం ఇచ్చిన గోల్స్ పీకేవి, జర్నైల్ సింగ్‌వి. జర్నైల్ అసలు డిఫెండర్, తలకి కుట్లతో ఫార్వర్డ్‌గా దిగాడు. ఫైనల్లో గోల్ కొట్టలేదు కాబట్టి బలరాంని ఎందుకు ఆడించారని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే రహీం సాబ్ ఆ మాటని లెక్కచేసేవారు కాదు. జట్టులో ఎవరి పని ఏమిటో ఆయనకి తెలుసు. 2023 ఫిబ్రవరిలో బలరాం గారు పోయినప్పుడు మా వీధిలో ఆ పేరు తెలిసిన కుర్రాడు ఒక్కడు కూడా లేడు. నాకు చాలా బాధేసింది.

ఒక మాట ఒప్పుకుంటాను. ఫామ్‌లో ఉన్న కొత్త కుర్రాడిని పిలవకుండా పాత పేర్లనే తిప్పడం తప్పే. ఇరవై మూడు మందిలో ఎడమ వింగ్‌కి ఇద్దరు ఉండాలంటాను. ఒకరు లిస్టన్, రెండోవాడు ఇరవై రెండేళ్ళు దాటని కుర్రాడు. ఆ కుర్రాడికి చివరి ఇరవై నిమిషాలు ఇవ్వాలి, ఒకటి కాదు, వరసగా ఐదారు మ్యాచులు. ఒక్క మ్యాచ్ ఆడించి తీసేస్తే అది నా 1996 సెలక్షన్ లాంటిదే, కాకపోతే అరగంటకి బదులు తొంభై నిమిషాలు.

ఇప్పుడు నేను మా కాలనీ పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. అప్పుడప్పుడు స్కూలు జట్ల సెలక్షన్లకి కూడా పిలుస్తారు. వెళ్ళినప్పుడల్లా సగం ఆట కుర్చీ మోసుకుని ఎండ వైపు వెళ్ళి కూర్చుంటాను. వైపులు మార్చకుండా ట్రయల్ మ్యాచ్ ఆడించడానికి ఒప్పుకోను. గోల్ పడినప్పుడు కొట్టినవాడి నంబరు కంటే ముందు బంతి ఇచ్చినవాడి నంబరు రాస్తాను. ఇది చూసి మొదట్లో తల్లిదండ్రులు "మా వాడు కదా సార్ గోల్ కొట్టింది" అని గొడవ పడేవాళ్ళు. ఇప్పుడు అర్థం చేసుకుంటున్నారు.

జ్ఞానాపురం కుర్రాడు ఇప్పుడు ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. ఆదివారం ఆటకి వస్తాడు, ఇప్పటికీ లెఫ్ట్ వింగే. 2025 మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవులతో మ్యాచ్ వాళ్ళింట్లో కూర్చుని చూశాం. కోచ్ మనోలో మార్కెజ్, హైదరాబాద్‌లో లిస్టన్‌ని ఆడించిన మనిషే. మహేశ్ కార్నర్ వేస్తే లిస్టన్ తలతో కొట్టాడు, దేశానికి అతని మొదటి గోల్ అది. కోసుకొచ్చి వంచి కొట్టే షాట్ కాదు, అందరి మధ్య ఎగిరి తలతో కొట్టిన గోల్. పది నిమిషాల తర్వాత ఎడమ వైపు నుంచి లిస్టన్ క్రాస్ వేశాడు, ఛెత్రి తలతో లోపలికి పంపాడు. మ్యాచ్ 3-0. ఇల్లంతా ఛెత్రి పేరే. వాళ్ళబ్బాయి మంచం మీద ఎక్కి గంతులేస్తున్నాడు.

నా స్నేహితుడు మాత్రం నా ఫోన్ అడిగి తీసుకున్నాడు. మ్యాచ్ అయ్యాక ఆ గోల్ వీడియో వెతికి, ఛెత్రి తల దాకా రానివ్వకుండా మధ్యలో ఆపి, వెనక్కి జరిపి, లిస్టన్ కాలి దగ్గర బంతి ఉన్న చోట మళ్ళీ పెట్టాడు. మూడుసార్లు చూశాడు. "తల ఎత్తి చూసి వేశాడ్రా ఇది" అన్నాడు.